ఇంట్లో జిమ్ మెషిన్ కొంటున్నారా? ముందు కాళ్ల సంగతి తేల్చుకోండి

ఇంట్లో పెట్టుకోవడానికి ఏ జిమ్ మెషిన్ మంచిదని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగే ప్రశ్న ఒకటే: "దాని మీద కాళ్లకు ఏం చేస్తారు?" చాలామంది ఆ సంగతి ఆలోచించి ఉండరు. ఛాతీకి ఏం చేయాలో, చేతులకు ఏం చేయాలో మాత్రం ముందే అనుకుని వస్తారు. మెషిన్‌తో వచ్చే చార్టులో అరవై రకాల వ్యాయామాలు బొమ్మలతో సహా ఉంటాయి. వాటిలో కాళ్లవి లెక్కపెడితే రెండో మూడో తేలతాయి. అవి కూడా కూర్చుని కాలు చాపడం, మడవడం లాంటివే.

నేను మొదట కొన్నది అలాంటిదే. ఒకే వెయిట్ స్టాక్ (పేర్చిన ఇనుప పలకల దొంతర), ముందు సీటు, పైన లాగే బార్, కింద కాళ్లకు రెండు రోలర్లు. ఎనిమిది నెలలు వారానికి మూడు రోజులు క్రమం తప్పకుండా చేశాను. భుజాలు, వీపు బాగా బలపడ్డాయి. ఆ తర్వాత ఒకరోజు పుస్తకాల పెట్టె నేల మీద నుంచి ఎత్తబోతే నడుము పట్టేసింది. పది రోజులు సరిగ్గా వంగలేకపోయాను. తొడలకు, పిరుదులకు, నడుముకు ఆ ఎనిమిది నెలల్లో నేను పెట్టిన పని ఎంత తక్కువో అప్పుడు కూర్చుని లెక్కవేసుకున్నాను. అప్పటి నుంచి ఏ మెషిన్ చూసినా నా చూపు ముందు కిందికే పోతుంది.

ఒంట్లో అతి పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లోనే ఉంటాయి. కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం, కాలు జారినప్పుడు పడిపోకుండా నిలదొక్కుకోవడం వీటి పనే. వయసు పెరిగేకొద్దీ కండ తగ్గుతుంది, బలం అంతకంటే వేగంగా తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దలందరూ నడక లాంటి వాటితో పాటు వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం చేయాలని ఉంది. "అన్నిటికీ" అన్న మాట గమనించండి. పైభాగానికి మాత్రమే పనికొచ్చే మెషిన్ ఆ సలహాలో సగమే తీరుస్తుంది.

అసలు బరువును కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే పద్ధతికి వైద్యంలో చోటు దొరికిందే కాళ్ల వల్ల. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల తొడలకు తిరిగి బలం తెప్పించడానికి అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ ఇనుప బూటుకు బరువులు తగిలించి ఎత్తించేవాడు. తేలిక బరువుతో చాలాసార్లు చేయిస్తే ఓపిక పెరుగుతుంది కానీ బలం రావాలంటే బరువు ఎక్కువ ఉండాలని, దాన్ని పెంచుతూ పోవాలని 1945లో ఆయన ఒక వైద్య పత్రికలో రాశాడు. పది సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువును ఆయన కొలమానంగా పెట్టుకున్నాడు. ఇప్పుడు జిమ్ముల్లో వినిపించే "మూడు సెట్లు, పదేసి రెప్స్" (ఆగకుండా పదేసి సార్లు, అలా మూడు విడతలు) అన్న మాట వెనుక ఆయన పని చాలా ఉంది.

కాబట్టి మెషిన్ ఏదైనా రెండు సంగతులు చూడాలి. కాళ్లకు ఎంత బరువు దాకా ఇస్తుంది? చేతులకు, భుజాలకు ఎంత చిన్న మెట్టుతో బరువు పెంచుకోనిస్తుంది? మొదటిది చాలకపోతే కొన్ని నెలల్లోనే ఆగిపోతారు. రెండోది పెద్దదైతే ముందుకు వెళ్లలేక విసుగొస్తుంది. మెషిన్ మీద బట్టలు ఆరేసుకునే పరిస్థితి ఎక్కువగా ఈ రెంటిలో ఒక దానివల్లే వస్తుందని నా నమ్మకం.

పిన్ను మార్చే మల్టీజిమ్

ఒకే చట్రం మీద చాలా రకాల వ్యాయామాలు చేసుకునే మెషిన్ ఇది. ఇనుప పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. కావలసిన చోట పిన్ను గుచ్చితే అంతవరకు లేస్తాయి. 1957లో హెరాల్డ్ జింకిన్ తయారు చేసిన యూనివర్సల్ మెషిన్‌తో ఈ రకం జిమ్ముల్లోకి వచ్చింది. 1970లో ఆర్థర్ జోన్స్ తెచ్చిన నాటిలస్ మెషిన్లు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాయి. ఆయన గుండ్రటి పుల్లీ స్థానంలో ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం ఉండే చక్రం పెట్టాడు. కదలికలో మనకు బలం ఎక్కువున్న చోట బరువు ఎక్కువగా, తక్కువున్న చోట తక్కువగా తగిలేలా చేయడం దాని ఉద్దేశం.

ఒంటరిగా చేసుకునేవాళ్లకు ఇంతకంటే భద్రమైనది లేదు. చేతకానప్పుడు వదిలేస్తే పలకలు కిందికి దిగుతాయి తప్ప మీద పడవు. ఇంట్లో ముగ్గురు వాడుకునే పనైతే కూడా ఇదే సుఖం. నా వంతు అయ్యాక పిన్ను తీసి మూడు రంధ్రాలు పైన పెడితే ఇంకొకరు కూర్చోవచ్చు. ప్లేట్లు విప్పి బిగించే పని లేదు. అలవాటు నిలవడానికి ఈ చిన్న సౌకర్యం చాలా పెద్దదని వాడాకే తెలుస్తుంది.

ఇబ్బంది మెట్టు దగ్గర వస్తుంది. చాలా స్టాకుల్లో ఒక్కో పలక 10 పౌండ్లు, అంటే దాదాపు నాలుగున్నర కిలోలు. ఛాతీ ముందుకు నెట్టేటప్పుడు 100 పౌండ్ల నుంచి 110కి వెళ్లడం పది శాతం పెరుగుదల, పర్వాలేదు. అదే చేతిని పక్కకు ఎత్తే వ్యాయామంలో 10 నుంచి 20కి వెళ్లాలంటే ఒక్కసారిగా రెట్టింపు. అది ఎవరివల్లా కాదు. దీనికి ఒక మార్గం ఉంది. స్టాక్ పైన అదనంగా పెట్టుకునే కిలో, రెండు కిలోల చిన్న బరువులు దొరుకుతాయి, అయస్కాంతంతో అతుక్కునేవి కూడా. మెషిన్ కొనేటప్పుడే అవి దానికి పడతాయో లేదో చూసుకోండి.

ఇక కాళ్లు. ఇంటి మల్టీజిమ్ స్టాక్ సాధారణంగా 70 నుంచి 95 కిలోల మధ్య ఉంటుంది. కాలు చాపే రోలర్‌కు అది చాలా ఎక్కువే. కానీ ఆ కదలిక తొడ ముందుభాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది, పిరుదులకూ నడుముకూ ఏమీ చేయదు. అందుకే మల్టీజిమ్ అయితే లెగ్ ప్రెస్ (కూర్చుని రెండు పాదాలతో బరువును నెట్టేది) ఉన్నదే తీసుకోండి అంటాను. కొన్నిటిలో లెగ్ ప్రెస్ దగ్గర పుల్లీ అమరిక వల్ల స్టాక్ బరువు రెట్టింపు అయి కాళ్లకు తగులుతుంది. 70 కిలోల స్టాక్ 140 అవుతుందన్నమాట. మామూలు మనిషికి అది చాలా ఏళ్లు సరిపోతుంది. అది విడిగా అమర్చుకునే భాగమైతే దాని చోటు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. తర్వాత కొందామని వదిలేస్తే చాలావరకు ఎప్పటికీ కొనరు.

ఇంకొక సంగతి శరీర కొలతలు. కాలు చాపే రోలర్‌కు ఇరుసు ఉంటుంది. కూర్చున్నప్పుడు మీ మోకాలి కీలు ఆ ఇరుసుకు ఎదురుగా రావాలి. రాకపోతే ప్రతి రెప్‌కీ మోకాలి మీద పక్కదారి ఒత్తిడి పడుతుంది. పొట్టిగా ఉన్నవాళ్లకు, బాగా పొడుగ్గా ఉన్నవాళ్లకు ఇది తరచూ కుదరదు. ఇంట్లో అందరికంటే పొట్టి మనిషినీ, పొడుగు మనిషినీ వెంట తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడటం ఒక్కటే దారి.

రెండు స్తంభాల కేబుల్ మెషిన్

దీన్ని ఫంక్షనల్ ట్రైనర్ అంటారు. రెండు పక్కల రెండు స్టాకులు, పైకీ కిందికీ జరిగే రెండు పుల్లీలు. సీటు ఉండదు, నిలబడే చేయాలి, లేదా విడిగా బెంచ్ వేసుకోవాలి. ఏ ఎత్తు నుంచైనా, ఏ వైపుకైనా లాగవచ్చు కాబట్టి భుజం నొప్పి ఉన్నవాళ్లు తమకు నొప్పి లేని కోణం వెతుక్కోగలుగుతారు. మెట్టు విషయంలో కూడా ఇది మెరుగు. ఎందుకంటే చాలా వాటిలో పుల్లీ అమరిక రెండుకు ఒకటి. స్టాక్ మీద 10 కిలోలు పెడితే చేతికి 5 కిలోలే తగులుతుంది, బదులుగా కేబుల్ రెట్టింపు దూరం సాగుతుంది.

కొనేటప్పుడు చాలామంది మోసపోయేది కూడా ఇక్కడే. "ఒక్కో పక్క 70 కిలోలు" అని రాసి ఉంటే, చేతికి అందేది 35 అని అర్థం కావచ్చు. తప్పుగా రాశారని కాదు, స్టాక్ బరువు రాశారు, అంతే. "అమరిక ఎంత?" అని అడగండి. పైనుంచి కిందికి లాగే లాట్ పుల్‌డౌన్‌కు ఒక్కో చేతికి 35 కిలోలంటే రెండు చేతులకూ 70, చాలామందికి చాలు.

కాళ్లకు? రెండు కాళ్లతో చేసే, గుంజీ లాంటి స్క్వాట్‌కు దీని మీద బరువు ఎక్కించాలంటే చేతుల్లో పట్టుకోవాలి, కాళ్ల కంటే ముందే పిడికిలి అలిసిపోతుంది. అందుకని దీని మీద కాళ్లను ఒంటికాలి వ్యాయామాలతో పట్టుకోవాలి. వెనక కాలిని బెంచ్ మీద పెట్టి ముందుకాలి మీద కూర్చుని లేవడం, నడుముకు బెల్టు కట్టుకుని కింది పుల్లీకి తగిలించి గుంజీలు తీయడం, కాళ్ల మధ్య నుంచి కేబుల్ లాగుతూ తుంటి దగ్గర వంగి లేవడం. ఈ చివరిది పిరుదులకూ నడుముకూ చాలా మంచిది, నడుము పట్టేశాక నేను మొదట నేర్చుకున్నది ఇదే. నేర్చుకునే ఓపిక ఉంటే ఫంక్షనల్ ట్రైనర్‌తో కాళ్లకు అన్యాయం జరగదు. కూర్చుని నెట్టేయడం తప్ప ఇంకేమీ వద్దనుకునేవాళ్లు మాత్రం లెగ్ ప్రెస్ ఉన్న మల్టీజిమ్ వైపే వెళ్లాలి.

స్మిత్ మెషిన్, ర్యాక్, బార్‌బెల్

కాళ్ల బలమే ముఖ్యమైతే బార్‌ను ఆనించి పెట్టే ఇనుప ర్యాక్, 20 కిలోల బార్, ప్లేట్లు అన్నిటికంటే ముందుంటాయి. బరువుకు పరిమితి దాదాపు లేదు. కిలో పావు ప్లేట్లు చెరో పక్క వేస్తే రెండున్నర కిలోల మెట్టు. పాడవడానికి తీగలు లేవు, పుల్లీలు లేవు. సరైన ఎత్తులో సేఫ్టీ బార్లు (బరువు జారితే ఆపే అడ్డకడ్డీలు) పెట్టుకుంటే ఒంటరిగా కూడా చేయవచ్చు. ఆ "సరైన ఎత్తు" ప్రతిసారీ చూసుకునే క్రమశిక్షణ మాత్రం మీదే. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్ పట్టుకుని నిటారుగా లేవడం) ఎవరైనా తెలిసినవాళ్ల దగ్గర రెండు మూడు వారాలు నేర్చుకున్నాకే ఇంట్లో మొదలుపెట్టండి. వీడియో చూసి నేర్చుకున్నవాళ్లకు తమ వీపు వంగిపోతున్న సంగతి తెలియదు.

స్మిత్ మెషిన్‌లో బార్ రెండు పట్టాల మధ్య పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. మణికట్టు తిప్పితే కొక్కెం పడుతుంది. తూలిపోతామనే భయం లేకపోవడం వల్ల కాళ్లకు బాగా బరువు పెట్టగలుగుతాం. కానీ పట్టా ఎటు ఉంటే మనం అటే కదలాలి కాబట్టి పాదాలు ఎక్కడ పెట్టాలో రెండు మూడు చోట్ల ప్రయత్నించి, మోకాలికి హాయిగా ఉన్నచోట ఆగాలి. ఇంకో మాట, కొన్నిటిలో బార్ బరువును వెనక నుంచి మోసే ఎదురు బరువు ఉంటుంది. కాబట్టి ఇక్కడ బార్ 20 కిలోలని అనుకోవడానికి లేదు.

ఈమధ్య ర్యాక్, స్మిత్, రెండు కేబుళ్లు ఒకే చట్రంలో కలిపినవి వస్తున్నాయి. చోటు, స్తోమత రెండూ ఉంటే నా మనసు వీటి మీదే. చట్రం ఉక్కు మందం తప్పక అడగండి. గేజ్ అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. 11 గేజ్ అంటే దాదాపు 3 మిల్లీమీటర్లు, 14 గేజ్ అంటే 2 కంటే కాస్త తక్కువ. ప్లేట్ల రంధ్రం కూడా చూడాలి. ప్లేట్లు ఎక్కే చివర్లు 50 మిల్లీమీటర్లు ఉన్న బార్ తీసుకుంటే తర్వాత ప్లేట్లు ఎక్కడ కొన్నా పడతాయి. సన్న బార్ రకం తీసుకుంటే ఎప్పటికీ దానికే కట్టుబడిపోతారు.

వంగే రాడ్లు, సాగే రబ్బరు

వీటి ఆకర్షణ నాకు అర్థమవుతుంది. తేలిక, చప్పుడు లేదు, మడిచి గోడ పక్కకు నెట్టవచ్చు. ఇనుము బదులు వంగే రాడ్లో, సాగే రబ్బరో నిరోధం ఇస్తాయి. చిక్కు ఏమిటంటే ఆ నిరోధం మొదట్లో తక్కువగా ఉండి సాగేకొద్దీ పెరుగుతుంది. కండరం బాగా సాగి ఉన్న మొదటి భాగంలోనే దానికి పని తక్కువ పడుతుంది. రాడ్ మీద రాసిన అంకె చివరి దాకా వంచినప్పటి అంకె, ఇనుప పలక మీది అంకెతో దాన్ని సమానంగా లెక్కపెట్టకూడదు.

దీనికి అంతరిక్షం నుంచి ఒక ఉదాహరణ ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో బరువు ఉండదు కాబట్టి వ్యోమగాముల ఎముకలు, కండరాలు వేగంగా క్షీణిస్తాయి. మొదట్లో అక్కడ పెట్టిన వ్యాయామ యంత్రం సాగే రబ్బరు లాంటి పదార్థంతో పనిచేసేది, గరిష్ఠంగా 300 పౌండ్ల నిరోధం ఇచ్చేది. ఎముకల నష్టం ఆగలేదు. 2008లో దాని స్థానంలో లోపల గాలి లేని శూన్య సిలిండర్లతో 600 పౌండ్ల దాకా ఇచ్చే యంత్రాన్ని పంపారు. కదలిక మొదలు నుంచి చివరి దాకా ఒకేలా ఉండే నిరోధం దానిది. దాని మీద స్క్వాట్లు, డెడ్‌లిఫ్ట్‌లు చేసిన, తగినంత తిన్న వ్యోమగాములు ఎముక సాంద్రతను చాలా మెరుగ్గా కాపాడుకున్నారు. అక్కడ శరీర బరువు కూడా యంత్రమే ఇవ్వాలి కాబట్టి అంత బరువు అవసరమైంది, ఇంట్లో మనకు అంత అక్కర్లేదు. కానీ కాళ్లకూ ఎముకలకూ గట్టి బరువు తగలాలన్న సంగతి మాత్రం మనకూ అంతే నిజం.

తరచూ ఇల్లు మారేవాళ్లకు, గర్భిణిగా ఉన్నప్పుడో ఆపరేషన్ తర్వాతో డాక్టర్ సరేనన్నాక నెమ్మదిగా మొదలుపెట్టేవాళ్లకు ఇది పనికొస్తుంది. పని అయ్యాక రాడ్లను వంచి వదిలేయకండి, కొక్కేలు తీసేయండి. వంచి ఉంచితే పట్టు సడలిపోతుంది.

వాలు పలక

వాలుగా ఉన్న పట్టాల మీద జారే పలక, దాని మీద మనం. మన శరీరమే బరువు. పలక ఎంత నిటారుగా ఉంటే అంత భారం. 30 డిగ్రీల వాలులో శరీర బరువులో సగం పడుతుంది, 70 కిలోల మనిషికి 35 కిలోలు. నిలబడి తీసే గుంజీ కంటే ఇది చాలా తేలిక. బలమైన యువకుడికి దీని మీద కాళ్ల పని త్వరగానే అయిపోతుంది.

కానీ నిలబడి ఒక్క గుంజీ కూడా తీయలేనివాళ్ల సంగతి? మా అమ్మకు డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పితో కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులతో నొక్కుకుని లేచేది. లెగ్ ప్రెస్‌లో కూర్చోవడానికి భయపడింది. ఇలాంటి పలక మీద పడుకోబెట్టి, అన్నిటికంటే తక్కువ వాలు పెట్టి, పాదాలతో నెట్టమన్నాం. మొదటి రోజు ఆరు సార్లు చేసింది. వాలు ఒక్కో గడి పెంచుకుంటూ వచ్చాం. ఏడాది లోపల చేతులు ఆనించకుండా లేవడం మొదలుపెట్టింది. తన శరీర బరువు కంటే తక్కువతో మొదలుపెట్టగలగడమే దాని గొప్పతనం. పెద్దవాళ్ల కోసమైతే నేను అన్నిటికంటే ముందు దీన్నే చూడమంటాను. పలక నేలకు ఎంత ఎత్తులో ఉందో, ఎక్కడానికీ దిగడానికీ పట్టుకునేందుకు ఏముందో చూసుకోండి. పెద్దవాళ్లు పడేది వ్యాయామం చేస్తూ కాదు, దిగుతూ.

కరెంటుతో నడిచేవి

గోడకు బిగించే డిజిటల్ మెషిన్లలో మోటార్ నిరోధం ఇస్తుంది. అర కిలో మెట్టుతో కూడా పెంచుకోవచ్చు, దించేటప్పుడు బరువు పెంచమని చెప్పవచ్చు, ఎన్ని రెప్స్ చేశామో అదే రాసుకుంటుంది. మెట్టు విషయంలో వీటికి సాటి లేదు. వీటిలో పేరున్న టోనల్ మొదటి మోడల్ గరిష్ఠం 200 పౌండ్లు, అంటే రెండు చేతులకూ కలిపి 90 కిలోలు. చేతులకు ధారాళం, కాళ్లకు కొన్నాళ్లకు తక్కువ. చాలావాటికి నెలనెలా చందా కట్టాలి, ఇంటర్నెట్ కావాలి. కొనే ముందు ఒక ప్రశ్న వేయండి: చందా ఆపేస్తే, లేదా కంపెనీ మూతపడితే, ఈ మెషిన్ ఏం చేయగలదు? జవాబు కాగితం మీద ఉంటేనే నమ్మండి. ఇనుప స్టాక్‌కు ఈ బెంగ లేదు.

చోటు, నేల, తలుపు

మెషిన్ కొలతలు కాగితం మీద చూసి సరిపోతుందనుకుంటాం. కానీ అందులో మన చేతులు చాపే చోటు, ప్లేట్లు ఎక్కించే చోటు, పక్కనుంచి నడిచే చోటు లెక్కలో ఉండవు. నేల మీద సుద్దతో గీసుకుని, చుట్టూ ఇంకో రెండడుగులు కలిపి, అందులో ఒక కుర్చీ వేసుకుని కూర్చుని చేతులు చాపి చూడండి. చేతులు పైకెత్తి నిలబడి పైకప్పు ఎంత దూరంలో ఉందో కొలవండి, ఫ్యాన్ ఉంటే దాని సంగతి కూడా. పెట్టెలు లిఫ్టులో, మెట్ల మలుపులో పడతాయో లేదో ముందే చూడాలి. మల్టీజిమ్ మొత్తం బరువు రెండు వందల కిలోలకు అటూఇటూ ఉంటుంది. అమర్చడానికి ఇద్దరికి సగం రోజు పడుతుంది. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే టైల్స్ పగలవు, కింది ఇంటివాళ్లకు చప్పుడు తగ్గుతుంది.

చిన్నపిల్లలున్న ఇల్లయితే పలకల మధ్య వేళ్లు పెట్టకుండా స్టాక్‌కు కవర్ ఉన్నదే తీసుకోండి. పని అయ్యాక పిన్ను తీసి పిల్లలకు అందని చోట పెట్టండి.

పాతది కొంటుంటే

ఇనుముకు వయసు రాదు కాబట్టి పాత మల్టీజిమ్ కొనడం తెలివైన పనే. నేను రెండోసారి కొన్నది పాతదే. కేబుల్ పొడవునా వేళ్లతో తడిమి చూడండి. పైపూత పగిలి లోపలి తీగ కనిపించినా, చివర్ల దగ్గర ఉబ్బినా అది మార్చాల్సిందే. మార్చడానికి పొడవు, చివరి బిగింపులు కొలిచి పెట్టుకుంటే కొత్తది చేయించుకోవచ్చు. పుల్లీలు చేత్తో తిప్పితే గరగరలాడకూడదు. పలకలు జారే రెండు నిలువు కడ్డీల మీద తుప్పు ఉంటే బరువు పట్టిపట్టి దిగుతుంది. సీటు స్పాంజి పోతే పర్వాలేదు, వెల్డింగ్ దగ్గర చీలిక కనిపిస్తే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. ఆ మోడల్‌ను కంపెనీ ఎప్పుడైనా వెనక్కి పిలిచిందేమో కూడా వెతకండి. 2025 జూన్‌లో బోఫ్లెక్స్ సర్దుబాటు డంబెల్స్ దాదాపు 38 లక్షలు అమెరికాలో వెనక్కి పిలిచారు, ఎత్తినప్పుడు ప్లేట్లు ఊడిపోయే ప్రమాదం ఉందని. పాత సామాను అమ్మేవాళ్లకు ఇలాంటివి తెలియకపోవచ్చు.

కొన్నాక

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, హెర్నియా, ఈమధ్యే అయిన ఆపరేషన్ ఉంటే డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టండి. మిగతావాళ్లు వారానికి రెండు రోజులతో మొదలుపెడితే చాలు, మధ్యలో కనీసం ఒకరోజు విశ్రాంతి ఉండేలా.

కాళ్లతోనే మొదలుపెట్టండి. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే వాటి పని అయిపోవాలి, చివరికి వాయిదా వేస్తే ఎగ్గొడతారు. లెగ్ ప్రెస్ లేదా స్క్వాట్, తుంటి దగ్గర వంగి లేచేది ఒకటి, ఆ తర్వాత ముందుకు నెట్టేది, వెనక్కి లాగేది, పైనుంచి లాగేది. ఐదు వ్యాయామాలు, ఒక్కోటి రెండు మూడు సెట్లు, సెట్‌కు ఎనిమిది నుంచి పన్నెండు రెప్స్. సెట్ ఆపేటప్పుడు ఇంకో రెండు చేయగలననిపించాలి. నెట్టేటప్పుడు ఊపిరి వదలండి, బిగబట్టకండి. దించేటప్పుడు పలకలు ఠప్పున పడనివ్వకుండా రెండు మూడు క్షణాలు తీసుకోండి.

పన్నెండు దాటి ఒకటి రెండు ఎక్కువ చేయగలుగుతున్నారంటే బరువు పెంచే వేళ అయినట్టే. రెండు నుంచి పది శాతం లోపల పెంచండి. చేతులకు తక్కువ వైపు, కాళ్లకు ఎక్కువ వైపు. మెట్టు పెద్దదై కుదరకపోతే పాత బరువుతోనే పదిహేను దాకా వెళ్లి, అప్పుడు మారండి. మెషిన్ పక్కన ఒక నోట్‌బుక్, పెన్ను కట్టి పెట్టండి. తేదీ, సీటు ఏ గడిలో ఉంది, పిన్ను ఎక్కడ ఉంది, ఎన్ని రెప్స్. వేరే మెషిన్ మీది అంకెలతో మీవి పోల్చకండి, రాపిడి, పుల్లీ అమరిక దేని దానికే వేరు.

మొదటి నెలాఖరున బోల్టులన్నీ మళ్లీ బిగించండి, వాడకంతో అవి వదులవుతాయి. స్టాక్ జారే కడ్డీలను పొడి గుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. మామూలు నూనె వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. ప్రతి నెలా ఒకటో తేదీన కేబుల్ ఒకసారి వేళ్లతో తడిమి, ఆ సంగతి కూడా అదే నోట్‌బుక్‌లో రాసుకోండి.